ఆరు గంటలు, తొమ్మిది వందల డాలర్లు: జూనియర్ ఇయర్ చివర్లో మేం పెట్టుకున్న కాలేజ్ కౌన్సెలర్

మా వాడు 2025 మేలో పదకొండో క్లాసు ముగించాడు. ఇక్కడ దాన్నే జూనియర్ ఇయర్ అంటారు. డాలస్‌కి ఉత్తరాన ఒక పబ్లిక్ హైస్కూల్. ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా ఒక ప్రైవేట్ కాలేజ్ కౌన్సెలర్ దగ్గర ఆరు గంటల ప్యాకేజీ తీసుకున్నాం. గంటకు 150 డాలర్లు, మొత్తం 900. ఆవిడ పాతికేళ్ళు స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇంట్లోంచే ఒక్కరూ ఈ పని చేసుకుంటున్నారు. నాకు నచ్చనివి కూడా రాస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు.

సంగతి ముందే చెప్పేస్తాను. ఆ ఆరు గంటల్లో రెండు గంటలు మేం కట్టిన డబ్బు కంటే ఎక్కువే ఇచ్చాయి. మిగతా నాలుగు గంటల్లో జరిగిన పని ఏ తల్లిదండ్రులైనా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. ఆ రెండూ ఏవో, ఆ నాలుగూ ఏవో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నేను హాస్పిటల్లో ఫార్మసీ టెక్నీషియన్ని. పదకొండున్నరకి డ్యూటీకెక్కితే ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. మా ఆయన ఆఫీసు ఫోర్ట్‌వర్త్‌లో, ఆయనా ఏడు దాటితే గాని రారు. మా ఇద్దరికీ తెలిసిన అడ్మిషన్ అంటే ఎంసెట్. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు. ఇక్కడ కౌన్సెలింగ్ అన్న మాటకే అర్థం వేరు. పిల్లాడు నాలుగేళ్ళు ఎలా బతికాడో ఫారంలో రాయాలి అంటే మాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

తెలియకే ముందు ఒక తప్పు చేశాం. ఫిబ్రవరిలో ఒక హోటల్ హాల్లో ఉచిత సెమినార్ ఉందంటే వెళ్ళాం. వందకు పైగా కుర్చీలు, సగానికి పైగా మనవాళ్ళే. తెర మీద పెద్ద పెద్ద కాలేజీల లోగోలు. మాట్లాడినాయన మొదటి పది నిమిషాల్లోనే "జూనియర్ ఇయర్లో వచ్చారంటే ఇప్పటికే రెండేళ్ళు వెనకబడ్డారు" అన్నాడు. నా పక్కన కూర్చున్నావిడ రాసుకుంటున్నది ఆపేసి భర్త ముఖం చూసింది. నేనూ అదే పని చేశాను. ప్యాకేజీ 7,500 డాలర్లు. అందులో పిల్లాడి పేరు మీద రీసెర్చ్ పేపర్ వేయించడం, ఎస్సేలకు వాళ్ళే "తుది మెరుగులు" దిద్దడం కూడా ఉన్నాయి. ఆ టెన్షన్‌లో 500 అడ్వాన్సు కార్డు మీద కట్టేశాం. ఇంటికొచ్చి బ్రోషర్ చూపిస్తే మా వాడు ఒక్క మాట అడిగాడు: "అమ్మా, నేను రాయని పేపర్ మీద నా పేరెందుకు?" మర్నాడే క్యాన్సిల్ చేశాం. ఆ 500 తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది. నాలుగు ఈమెయిళ్ళు పెట్టి, చివరికి కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే గాని రాలేదు.

ఈ విషయంలో అనుమానమున్నవాళ్ళు 2019 మార్చిలో బయటపడ్డ వార్సిటీ బ్లూస్ కేసు గురించి ఒకసారి చదవండి. డబ్బు తీసుకుని కాలేజీ అడ్మిషన్‌కి రాసే శాట్ పరీక్ష స్కోర్లు మార్పించి, ఆట ఆడని పిల్లల్ని ఆటగాళ్ళని చూపించి సీట్లు ఇప్పించినాయన కూడా బయటికి కాలేజ్ కౌన్సెలరే. అందులో కొందరు తల్లిదండ్రులు జైలుకు కూడా వెళ్ళారు. సీటు గ్యారంటీ అన్నవాళ్ళ దగ్గర్నుంచీ, పిల్లాడి ఎస్సే మేం చూసుకుంటాం అన్నవాళ్ళ దగ్గర్నుంచీ ఆ క్షణమే లేచి రావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మేం చివరికి పెట్టుకున్న కౌన్సెలర్ సంగతి మా వాడి బ్యాండ్‌లో ఉండే ఇంకో అబ్బాయి వాళ్ళమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే ఆవిడ మొట్టమొదట అన్న మాట "మీ స్కూల్ కౌన్సెలర్‌ని కలిశారా?" అని. కలవలేదన్నాం. "ముందు కలవండి. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ పంపేది, కౌన్సెలర్ లెటర్ రాసేది ఆయనే, నేను కాదు" అన్నారు. డబ్బు తీసుకోవాల్సిన మనిషి ఉచితంగా దొరికే మనిషి దగ్గరికి పంపడం చూసి నాకు నమ్మకం కుదిరింది. స్కూల్ కౌన్సెలర్ల సంఘం ఒక్కొక్కరికి 250 మంది పిల్లలుంటే చాలంటుంది. మా స్కూల్లో ఆయనకు నాలుగు వందలు దాటారు. అయినా అపాయింట్‌మెంట్ అడిగితే వారంలో ఇచ్చాడు, ఇరవై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడాడు. అడగకపోవడం మా తప్పే.

మొదటి గంట తల్లిదండ్రులతో కలిపి. జాబితా, క్యాలెండర్, క్లాస్ ర్యాంకు. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇక్కడ 1997లో వచ్చిన చట్టం ప్రకారం క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో అడ్మిషన్ దానంతటదే వస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి, అంటే యూటీ ఆస్టిన్‌కి మాత్రం వేరే లెక్క. అక్కడ 6 శాతం ఉండేది, 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ ర్యాంకు చూసేది పదకొండో క్లాసు చివర్లో. అంటే మేలో రాసే ఫైనల్స్‌తో ఆ తలుపు మూసుకుంటుంది. ఇంకొకటి, మనవాళ్ళలో చాలామంది దీన్ని పట్టించుకోరు: ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గాని కోరుకున్న బ్రాంచికి కాదు. ర్యాంకు ఉంది కదా, కంప్యూటర్ సైన్స్ వచ్చేసినట్టే అనుకుంటే పొరపాటే. మా వాడిది 540 మందిలో 71. పదమూడు శాతం. అక్కడితో నేను నీరుగారిపోయాను. ఆవిడ మాత్రం ఆ అంకె ఒక కాగితం మీద రాసుకుని "సరే, మిగతా అప్లికేషన్ చూద్దాం" అని పేజీ తిప్పారు.

ఆ గంటలో చెప్పినవన్నీ నిజంగా ఉపయోగపడేవే. కాకపోతే యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉన్నవే. ఒక శనివారం పొద్దున కూర్చుంటే నాకే తెలిసేవి.

రెండో గంట వేరు. ఆరోజు ఆవిడ మమ్మల్ని గదిలో ఉండొద్దన్నారు. మా ఆయనకు అది నచ్చలేదు, డబ్బు కట్టేది మనమైతే మనం ఉండకూడదా అని కార్లో గొణిగారు. బయట సోఫాలో కూర్చున్నాం. తలుపు వేసి ఉన్నా మాట వినపడుతూనే ఉంది. యాక్టివిటీస్, అంటే క్లాసు బయట చేసే పనులు అడుగుతున్నారు. చాలా కాలేజీలకు ఒకేచోట నుంచి అప్లై చేసే కామన్ యాప్‌లో పది యాక్టివిటీలు రాయొచ్చు. మా వాడు బ్యాండ్‌లో ట్రాంబోన్ అన్నాడు, రోబోటిక్స్‌లో ఏడాది ఉండి మానేశానన్నాడు, వేసవిలో సిటీ స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ అన్నాడు. అంతే. నా గుండె గుబగుబలాడింది. మూడింటితో ఏ కాలేజీ చూస్తుంది అనుకున్నాను.

అప్పుడు ఆవిడ అడిగారు: "బ్యాండ్ లేని రోజుల్లో మూడున్నర నుంచి ఏడింటి దాకా ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లో ఏం చేస్తావు?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. చెల్లి బస్సు నాలుగుంబావుకి వస్తుంది, మూలమీద స్టాప్ దాకా వెళ్ళి తీసుకొస్తాను. దానికి తినడానికేదైనా పెడతాను. కుక్కర్లో అన్నం పెడతాను, అమ్మ పొద్దున చేసిపెట్టిన కూర వేడి చేస్తాను, ఒక్కోరోజు చపాతీలు నేనే చేస్తాను. హోంవర్క్ చేయిస్తాను. దానికి ఫ్రాక్షన్స్ అర్థం కాకపోతే చపాతీ కోసి చూపించాను. సగంలో సగం ఎంత అని అడిగితే పావు ముక్క నోట్లో పెట్టుకుని సమాధానం చెప్పేది.

తొమ్మిదో క్లాసు నుంచీ వాడు ఈ పని చేస్తున్నాడు. నాకది యాక్టివిటీ అని ఎప్పుడూ తోచలేదు. సరిగ్గా దానికి ఎదురు తోచింది. వీడికి క్లబ్బుల్లేవంటే మా షిఫ్టుల వల్లే, మా వల్లే వీడి అప్లికేషన్ ఖాళీగా ఉంది అని రెండేళ్ళుగా లోలోపల కుమిలిపోతూ ఉన్నాను. సాయంత్రం ప్రాక్టీసులకు తీసుకెళ్ళే తల్లుల్ని చూస్తే బాధేసేది.

ఆవిడ తలుపు తీసి మమ్మల్ని పిలిచారు. ల్యాప్‌టాప్‌లో కామన్ యాప్ తెరిచి యాక్టివిటీ రకాల జాబితా కిందికి జరిపి చూపించారు. అందులో ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్ అని విడిగా ఒక రకమే ఉంది. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని రెండు గడులుంటాయి. బ్యాండ్ ఉన్న రోజులు తీసేసి, నిజాయితీగా లెక్కేయమన్నారు. వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. వారానికి తొమ్మిది గంటలు, ఏడాదికి 36 వారాలు. అంటే ఏడాదికి 324 గంటలు. మూడేళ్ళకు 972. ఆ అంకె కాగితం మీద చూశాక నాకు నోట మాట రాలేదు. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

ఆ వివరం రాయడానికి దొరికేది 150 అక్షరాలు. స్పేసులు, కామాలు కూడా లెక్కే. వాడు రాసిన మొదటి వాక్యం "అమ్మానాన్న ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి చెల్లిని చూసుకునే బాధ్యత నాది" అన్న అర్థం వచ్చేలా ఉంది. అందులోనే సగానికి పైగా అక్షరాలు అయిపోయాయి. ఆవిడ "బాధ్యత" అన్న మాట కొట్టేశారు. "బాధ్యత అని నువ్వు చెప్పక్కర్లేదు. ఏం చేశావో చెప్పు" అన్నారు. బస్సు, వంట, హోంవర్క్, చపాతీతో ఫ్రాక్షన్స్. నాలుగు పనులూ పట్టాయి, ఇంకా పదకొండు అక్షరాలు మిగిలాయి. ఒక్క మాట కూడా ఆవిడ రాయలేదు. ప్రశ్నలడిగారు, కొట్టేశారు, మళ్ళీ రాయమన్నారు. హోటల్లో చూసిన "తుది మెరుగులు" గుర్తొచ్చి నాకు తేడా స్పష్టంగా కనిపించింది.

మూడో గంట కాలేజీల జాబితా. మా వాడు 23 పేర్లు తెచ్చాడు. వాటిలో సగం నా తమ్ముడూ, మా ఆయన స్నేహితులూ చెప్పినవే. కామన్ యాప్‌లో 20 కంటే ఎక్కువ పెట్టనివ్వరన్న సంగతి కూడా మాకు తెలియదు. ఆవిడ కామన్ డేటా సెట్ అని ఒకటి చూపించారు. చాలా కాలేజీలు ఏటా దీన్ని తమ వెబ్‌సైట్లో పెడతాయి. కాలేజీ పేరుతో పాటు కామన్ డేటా సెట్ అని వెతికితే వచ్చేస్తుంది. అందులో సీ7 అనే పట్టిక తెరవండి. గ్రేడ్లు, పరీక్ష స్కోరు, ఎస్సే, రెకమండేషన్ లెటర్లు, ఉద్యోగం, కాలేజీ పట్ల మనం చూపించే ఆసక్తి, ఇలా ఒక్కొక్కదాన్నీ ఆ కాలేజీ ఎంత ముఖ్యంగా చూస్తుందో నాలుగు గడుల్లో టిక్కు పెట్టి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరెవరో ఊహించి చెప్పిన సంగతులు కాలేజీయే రాసి పెట్టింది. ఈ ఒక్క పట్టిక తెలిస్తే మూడో గంట మీకు అక్కర్లేదు.

దానితోపాటు నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్. ఫెడరల్ చట్టం ప్రకారం 2011 నుంచి ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. మన ఆదాయం, పొదుపు వేస్తే మనకు నిజంగా ఎంత పడుతుందో ఒక అంచనా ఇస్తుంది. ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి టాక్స్ కాగితాలు ముందేసుకుని పదకొండు కాలేజీలకు చేశాను. ఏడాదికి 90 వేల డాలర్లు దాటిన ప్రైవేట్ కాలేజీలున్నాయి. వాటిలో ఒకటి మాకు స్టేట్ యూనివర్సిటీకి దగ్గరగా వచ్చింది, ఇంకొకటి ఒక్క డాలరు కూడా తగ్గలేదు. పేరు చూసి భయపడ్డదీ తప్పే, ఆశపడ్డదీ తప్పే. తెల్లారేసరికి జాబితా 23 నుంచి 14కి దిగింది. పిల్లాడు ఒక కాలేజీ మీద మనసు పెట్టేసుకున్నాక డబ్బు మాట ఎత్తడం కంటే మేలోనే ఎత్తడం ఎంతో నయం.

నాలుగో గంటలో శాట్, రెకమండేషన్ లెటర్లు. శాట్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఇప్పుడు పరీక్షంతా డిజిటల్, రెండు గంటల 14 నిమిషాలు, బ్లూబుక్ యాప్‌లో. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో సులువుగానో వస్తుంది, అందుకని మొదట్లో తొందరపడి తప్పులు చేయకూడదు. మ్యాథ్‌లో డెస్మోస్ క్యాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది. కోచింగ్ వద్దని ఆవిడే చెప్పారు. బ్లూబుక్‌లో ఉన్న ప్రాక్టీస్ టెస్టులు, ఖాన్ అకాడమీ, రెండూ ఉచితం. మార్చిలో స్కూల్లో రాసినప్పుడు 1380 వచ్చింది, జూన్ 7న రాసినదానికి 1440. స్కోరు అక్కర్లేదన్న మాట కూడా అన్నిచోట్లా నిజం కాదు. యూటీ ఆస్టిన్, డార్ట్‌మత్, హార్వర్డ్ లాంటివి మళ్ళీ స్కోరు అడుగుతున్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు మాత్రం ఇచ్చినా అడ్మిషన్‌కి చూడవు.

లెటర్ల విషయంలో మాత్రం ఆవిడ మమ్మల్ని పరుగులు పెట్టించారు. వేసవి సెలవులకు ముందే, మేలోనే అడగాలి, జూనియర్ ఇయర్లో పాఠం చెప్పిన టీచర్లనే అడగాలి, ఈమెయిల్లో కాకుండా ఎదురుగా వెళ్ళి అడగాలి అన్నారు. మా వాడు మొహమాటస్తుడు. ఫిజిక్స్ టీచర్ గది దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాడు. మూడోసారి అడిగితే ఆయన "ఈ ఏడాదికి నా సంఖ్య నిండిపోయింది బాబూ" అన్నాడట. చాలామంది టీచర్లు ఇన్నే రాస్తామని హద్దు పెట్టుకుంటారు. వారం ముందు అడిగితే దొరికేదేమో. అమెరికా చరిత్ర చెప్పే టీచర్ సంతోషంగా ఒప్పుకుంది. "నువ్వు ఆలస్యంగా చేయి ఎత్తుతావు, ఎత్తితే మాత్రం క్లాసంతా ఆగి వింటుంది" అందట. ఇంటికొచ్చి ఆ మాట మూడుసార్లు చెప్పాడు. ఆ సాయంత్రం వాడి నడకే మారింది.

ఇంకో చిన్న విషయం. కామన్ యాప్‌లో ఫెర్పా అని ఒకచోట సంతకం అడుగుతుంది, టీచర్ రాసిన లెటర్ తర్వాత చూసుకునే హక్కు వదులుకుంటారా అని. హక్కు వదులుకోవడమేంటని నేను కంగారుపడ్డాను. వదులుకుంటేనే టీచర్ మనసు విప్పి రాశారని కాలేజీలు నమ్ముతాయి, అందుకే దాదాపు అందరూ వదులుకుంటారు అని ఆవిడ వివరించారు. మేమూ అదే చేశాం.

మే చివర్లో స్కూల్ కౌన్సెలర్‌కి పిల్లాడి గురించి మేం రాసివ్వాల్సిన పేరెంట్ బ్రాగ్ షీట్ కూడా ఈ గంటలోనే వచ్చింది. మీ అబ్బాయిని మూడు మాటల్లో చెప్పండి అన్న ప్రశ్న దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. మంచివాడు, కష్టపడతాడు, పెద్దల మాట వింటాడు అని ఇంగ్లీషులో రాస్తే ఎవరి పిల్లాడైనా అదే. ఒక్క సంఘటన రాయండి చాలు అన్నారు ఆవిడ. ముందు తెలుగులో, చేత్తో, ఒకటిన్నర పేజీ రాశాను. నాకు జ్వరమొచ్చి లేవలేని రోజు చెల్లికి జడ వేయడం రాక, ఫోన్‌లో వీడియో చూస్తూ నాలుగుసార్లు విప్పి వేసి, ఐదోసారి కుదిరాక దాన్ని స్కూలుకి పంపిన సంగతి. మా ఆయన ఇంగ్లీషులో పెట్టారు. స్కూల్ కౌన్సెలర్ చదివి, తన లెటర్‌లో వాడుకోవచ్చా అని అడిగాడు.

ఐదో గంట మళ్ళీ వాడొక్కడే. ఎస్సే గురించి. కామన్ యాప్ ఎస్సేకి 650 పదాలు హద్దు, ఏడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకోవాలి. ఈసారి నేను సోఫాలో కూడా కూర్చోలేదు, బయట కార్లో ఉన్నాను. లోపల ఏం మాట్లాడారో నాకు తెలియదు, అడగలేదు కూడా. వెళ్ళేటప్పుడు రోబోటిక్స్ పోటీలో ఓడిపోయిన కథ రాస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఆ మాట ఎత్తలేదు. పూర్తి చేయొద్దు, జూన్ నెలంతా ఊరికే పేజీలు నింపు, నచ్చినదీ నచ్చనిదీ అన్నీ రాసి పెట్టు అని ఆవిడ పంపించారట. జులైలో ఒకరోజు నాకు చదవడానికి ఇచ్చాడు. 912 పదాలుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండే నాలుగు గంటల వేళ గురించి. అందులో ఏముందో ఇక్కడ రాయను, అది వాడిది. నాతో పదిహేడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న పిల్లాడు అలా ఆలోచిస్తాడని నాకు ఆ కాగితాలు చదివాకే తెలిసింది. అదే విషయం నేను అడిగి ఉంటే "ఏం లేదమ్మా" అనేవాడు. ఏ తల్లి అడిగినా పిల్లలు అంతే చెబుతారేమో. కొన్ని ప్రశ్నలు బయటి మనిషే అడగాలి. ఆ బయటి మనిషి డబ్బు తీసుకునే కౌన్సెలరే కానక్కర్లేదు, స్కూల్లో నచ్చిన టీచర్ కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు. మాకు ఈవిడ దొరికారు.

ఆరో గంట నాకు నచ్చలేదు. జూన్ చివరి వారం. అప్పటిదాకా చెప్పినవే మళ్ళీ ఒక చార్టులో పెట్టి చదివారు. ఆగస్టు 1న కొత్త ఏడాది కామన్ యాప్ తెరుచుకుంటుంది, ఇప్పుడే అకౌంట్ తెరిస్తే వివరాలు అలాగే ఉంటాయి, కాలేజీ విడిగా అడిగే ప్రశ్నలకు రాసినవి మాత్రం ఆరోజుతో పోతాయి. ఎర్లీ యాక్షన్‌కి, అంటే ముందుగా అప్లై చేయడానికి, యూటీ ఆస్టిన్‌లో గడువు అక్టోబర్ 15, చాలా కాలేజీలకు నవంబర్ 1. అదే ఎర్లీ డెసిషన్ కింద పెడితే, సీటు వస్తే చేరి తీరాలి. ఇవన్నీ అవసరమే. ఒక ఈమెయిల్లో పంపి ఉంటే సరిపోయేది, 150 డాలర్లు మిగిలేవి.

పెద్ద లోటు ఆర్థిక సాయం విషయంలో. మేం ఇంకా హెచ్1బీ, హెచ్4 మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు లైన్లో. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఫెడరల్ సాయం కోసం పెట్టే ఫాఫ్సా ఫారం వేయొచ్చా, మా వీసా అడ్డమవుతుందా అని అడిగితే ఆవిడకు తెలియలేదు. "కాలేజీని అడగండి" అన్నారు. రెండు వారాలు ఆ టెన్షన్ మోశాను. చివరికి ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ వెబ్‌సైట్లో నేనే చదివి తెలుసుకున్నాను. పిల్లాడు సిటిజన్ అయితే తల్లిదండ్రుల ఇమిగ్రేషన్ స్టేటస్ అడ్డం కాదు. ఫాఫ్సా మామూలుగా అక్టోబర్ 1కి తెరుచుకుంటుంది, 2026లో చేరేవాళ్ళకి చూసేది 2024 ఆదాయం. మనలాంటి కుటుంబాలు ఎక్కువగా వచ్చే ప్రాంతంలో పనిచేసేవారు ఈ మాత్రం తెలుసుకుని ఉండాలి. ఇదే మాట ఆవిడకూ చెప్పాను. నొచ్చుకోకుండా రాసుకున్నారు. పిల్లలు కూడా హెచ్4 మీదే ఉన్నవాళ్ళకు ఫెడరల్ సాయం రాదు, లెక్కంతా వేరు. వాళ్ళు ఈవిడ మీద ఆధారపడొద్దు, ప్రతి కాలేజీ ఆఫీసుకీ నేరుగా రాయండి.

ఇంకో లోటు, ఈమెయిల్‌కి జవాబు మూడు నాలుగు రోజులకు గాని రాదు. హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల వారంలో అసలే రాలేదు. మేలో ఫైనల్సూ ఏపీలూ ఒకేసారి మీద పడ్డప్పుడు మా వాడు రాత్రి ఒంటిగంటకు ప్రశ్న రాసి పంపేవాడు, జవాబు వచ్చేసరికి ఆ అవసరమే తీరిపోయేది.

మొత్తం మీద నేను ఐదుకి నాలుగు నక్షత్రాలిస్తాను. క్లాసులో మొదటి ఐదు శాతంలో ఉండి, ఏం రాయాలో తెలిసిన పిల్లలకు ఈ ఖర్చు అక్కర్లేదు. మా వాడిలా తన గురించి తను చెప్పుకోవడం రాని పిల్లలకు, ఆ ప్రశ్నలు ఇంట్లో అడగలేని తల్లిదండ్రులకు మాత్రం నేను గట్టిగా చెబుతాను, వెళ్ళండి. ప్యాకేజీ తీసుకోవాలన్న నియమం లేదు, ఆవిడ విడి గంటలు కూడా ఇస్తారు. ఆ సంగతి మాకు చివర్లో తెలిసింది.

మా తోడికోడలి కూతురు ఈ ఏడు జూనియర్. తోడికోడలికీ ఇదే కంగారు, ఆ హోటల్ సెమినార్ బ్రోషర్ కూడా టేబుల్ మీద ఉంది. రెండు గంటలు తీసుకోమన్నాను, యాక్టివిటీలకొకటి, ఎస్సేకొకటి, రెండింటికీ నువ్వు బయటే కూర్చో అన్నాను. ఏప్రిల్‌కల్లా ఆవిడ తేదీలు నిండిపోతాయి. ఫిబ్రవరిలోనే ఫోన్ చేయమని నంబరిచ్చాను.